చీకటి పడేలోపే

డిసెంబరు శనివారం పొద్దున తొమ్మిదిన్నర. ఎల్బీనగర్ రింగ్ రోడ్డు పక్కన ఒక కారు ఆగి ఉంది. డిక్కీ మూత పడటం లేదు. లోపల రెండు గుడారాలు, మూడు పరుపులు, ఐదు లీటర్ల కుక్కరు, బిర్యానీ డేగిశా, పాటల స్పీకరు, డజను నీళ్ళ సీసాలు. ముందు సీట్లో అమ్మ, ఆమె ఒళ్ళో పులిహోర గిన్నె. బావ ఇంకా రాలేదు, కొత్తపేటలో ఐసుగడ్డ కొంటున్నాడట. వీళ్ళంతా వెళ్ళాల్సింది ములుగు జిల్లా లక్నవరం చెరువుకి. రాత్రికి గుడారంలో పడుకోవాలని ప్లాను.

ఈ కారు మీది కాకూడదనే ఈ అధ్యాయం. ఎందుకంటే అది ఒకప్పుడు నాది.

ఆ రోజు ఏమైందో త్వరగా చెప్పేస్తాను. భువనగిరి దాటుతుంటే అమ్మ, "ఇంత దూరం వచ్చి గుట్ట నరసింహస్వామికి దండం పెట్టుకోకుండా పోతామా?" అంది. పోలేదు. వరంగల్‌లో వదిన భద్రకాళి గుడి అంది. ములుగు దాటాక నేనే రామప్ప గుడి అన్నాను. చల్వాయి దగ్గర లోపలికి తిరిగేసరికి రాత్రి ఏడు దాటింది. ఫోను లైటు నోట్లో పెట్టుకుని గుడారం కర్రలు బిగించాను. ఒకటి విరిగింది. చీకట్లో చదునుగా కనబడిన చోటు నిజానికి వాలు. రాత్రంతా నలుగురం జారి జారి ఒక మూలకి చేరాం. నాలుగింటికి పిల్లవాడు "ఇంటికి పోదాం" అని ఏడ్చాడు. నాకూ ఏడవాలనే ఉంది, కాకపోతే తండ్రిని. తెల్లారకముందే డిక్కీ సర్దేశాం.

ఇంటికొచ్చి వారం పాటు అందరికీ "అడవి మనకి పడదు" అని చెప్పాను. తర్వాత అర్థమైంది. అడవి నన్నేం చేయలేదు. దాన్ని వెలుతుర్లో చూడనైనా చూడలేదు నేను. నా రాత్రిని పాడుచేసింది తొమ్మిదిన్నర.

మొదటిసారి వెళ్ళేవాళ్ళలో చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. ఖరీదైన గుడారం లేకపోవడం వల్ల కాదు, ధైర్యం లేకపోవడం వల్లా కాదు. చీకటి పడేలోపు చేయాల్సిన పని చీకటి పడ్డాక చేయడం వల్ల. ఈ ఒక్కటి సరిచేసుకుంటే మిగతావన్నీ చిన్న విషయాలే. ఎలాగో చూద్దాం.

1. ముందు డాబా, తర్వాతే అడవి

చైతన్యపురిలోనో వనస్థలిపురంలోనో మీ అపార్ట్‌మెంట్‌కి డాబా ఉంటుంది కదా? తొలి రాత్రి అక్కడ పడుకోండి. నవ్వకండి. చిన్నప్పుడు వేసవిలో డాబా మీద నీళ్ళు చల్లి, చాపలు పరిచి పడుకున్న వాళ్ళమే మనమంతా. ఇప్పుడు తేడా ఒక్కటే, గుడారం వేయాలి. సాయంత్రం వెలుతుర్లో ఒకసారి, కళ్ళు మూసుకుని ఒకసారి. రెండోది సరదాకి కాదు. కర్ర ఎటు దూరాలో, కొక్కెం ఎక్కడుందో చేతికి తెలియాలి.

డాబా మీద మేకులు దిగవు కాబట్టి నాలుగు మూలలా ఇటుకలు పెట్టి తాళ్ళు కట్టండి. అసోసియేషన్ ప్రెసిడెంటు గారు పైకొచ్చి "ఏందండీ ఇది?" అంటారు. మా ప్రెసిడెంటు గారూ అన్నారు. విషయం చెప్పాక అరగంట అక్కడే కూర్చుని, తన చిన్నప్పటి మేడారం జాతర కబుర్లు చెప్పి, కిందికి వెళ్ళి మనవణ్ణి తీసుకొచ్చారు.

ఆ ఒక్క రాత్రిలో మీకు మూడు సంగతులు తెలుస్తాయి. ఒకటి, "నలుగురికి" అని రాసిన గుడారం ఇద్దరు పెద్దవాళ్ళకి, ఒక బిడ్డకి, రెండు సంచులకి సరిపోతుంది. రెండు, మీ ఇంట్లో ఎవరు రాత్రి రెండుసార్లు లేస్తారో, వాళ్ళు తలుపు పక్కనే పడుకోవాలి. మూడు, నడుముకి ఏం కావాలి. ఈ మూడూ అడవిలో తెలుసుకోవడం కంటే మూడో అంతస్తు పైన తెలుసుకోవడం నయం. బాగాలేకపోతే మెట్లు దిగి మంచమెక్కొచ్చు.

పిల్లలకి ఇంకో మెట్టు ఉంది. విజయవాడ హైవే పక్కన, ఆటోనగర్ దగ్గర మహావీర్ హరిణ వనస్థలి ఉంది. 1975 నుంచీ రక్షిత ప్రాంతం, 1994లో జాతీయ పార్కు అయింది. కృష్ణజింకలు ఉంటాయి. ఒక ఆదివారం పొద్దున అక్కడికి తీసుకెళ్ళి, పావుగంట మాట్లాడకుండా నిలబడగలరేమో చూడండి. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో కింద పెరిగిన పిల్లలకి నిశ్శబ్దం కొత్త. రాత్రిపూట అడవిలో పిల్లలు భయపడేది ఎక్కువగా పులికి కాదు, ఏ చప్పుడూ లేకపోవడానికి.

2. టైము వెనక నుంచి లెక్కేయండి

"ఎన్నింటికి బయల్దేరదాం?" అనే ప్రశ్నే తప్పు. "ఎన్నింటికి చీకటి పడుతుంది?" అని మొదలుపెట్టండి. డిసెంబరులో మన దగ్గర సూర్యాస్తమయం సుమారు ఐదూ నలభైకి. చెట్ల మధ్య అంతకంటే ముందే మసకేస్తుంది. కాబట్టి ఐదింటికల్లా గుడారం నిలబడి, పడకలు పరిచి ఉండాలి. చోటు చూసుకుని, సామాను దించి, వేసుకోవడానికి కొత్తవాళ్ళకి గంటన్నర. అంటే మూడున్నరకి అక్కడ ఉండాలి.

ఎల్బీనగర్ నుంచి నాగోలు, ఉప్పల్, భువనగిరి, జనగామ, హనుమకొండ, ములుగు మీదుగా లక్నవరం రెండొందల కిలోమీటర్ల పైమాట. మెల్లగా పోతే ఐదారు గంటలు. టిఫిను, భోజనం, టీ, పిల్లల వాంతులు, ఒక పంచరు కలిపి రెండు గంటలు పక్కన పెట్టండి. లెక్క ఎక్కడికొచ్చింది? ఏడున్నర దగ్గరికి. ఒక గంట చేతిలో ఉంచుకుని ఆరున్నర అనుకోండి. ఆరున్నర అంటే ఇంజను స్టార్టయ్యే టైము. బావ స్నానానికి వెళ్ళే టైము కాదు.

పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి ఘట్‌కేసర్‌లో దిగితే ఉప్పల్ రద్దీ తప్పుతుంది. బైకుల మీద వెళ్ళే కుర్రాళ్ళకి మాత్రం ఆ దారి లేదు. ఔటర్ మీదికి బైకుల్ని రానివ్వరు. మీరు ఉప్పల్ నుంచే పోవాలి, కాబట్టి ఇంకో అరగంట ముందు. కారు లేనివాళ్ళు ఉప్పల్‌లో హనుమకొండ బస్సు ఎక్కి, అక్కడ ఏటూరునాగారం వైపు బస్సు పట్టుకోవచ్చు.

మరి గుళ్ళ సంగతి? తిరుగు ప్రయాణంలో. 1213 నాటి రామప్ప మీ కోసం ఇంకో రోజు ఆగగలదు. అమ్మతో ఇలా అనండి: "అమ్మా, పోయేటప్పుడు నిద్రమొహంతో దండం పెట్టుకునే కన్నా, వచ్చేటప్పుడు ఆ చెరువు నీళ్ళతో స్నానం చేసి పెట్టుకుందాం." మా అమ్మ ఒప్పుకుంది. మీ అమ్మ ఒప్పుకోకపోతే ఐదింటికి బయల్దేరండి, వేరే దారి లేదు.

3. ఎక్కడికి?

మన రాష్ట్రపు ఉత్తరాన రెండు దిక్కులు చెబుతాను.

మొదటిది లక్నవరం, దాని పైన తాడ్వాయి. లక్నవరం కాకతీయుల నాటి చెరువు. చుట్టూ గుట్టలు, మధ్యలో దీవులు, వేలాడే వంతెనలు. మనుషుల అలికిడి ఉంటుంది, మరుగుదొడ్లు ఉంటాయి. మొదటి రాత్రికి ఇదే మంచిది. తాడ్వాయి ఏటూరునాగారం అభయారణ్యంలో ఉంది. అక్కడ అడవి చిక్కన, మనుషులు పలచన. రెండోసారికి దాచుకోండి.

రెండో దిక్కు ఇంకా పైకి, పాత ఆదిలాబాద్ జిల్లాకి. నిర్మల్ జిల్లాలో కడెం జలాశయం, దానికి చేరువలో మంచిర్యాల జిల్లా జన్నారం, చుట్టూ కవ్వాల్ టేకు అడవి. ఈ అడవి 1965లో అభయారణ్యం, 2012లో పులుల సంరక్షణ కేంద్రం అయింది. ఎల్బీనగర్ వాళ్ళు ఔటర్ మీద శామీర్‌పేట దాకా పోయి, సిద్దిపేట, కరీంనగర్, జగిత్యాల మీదుగా వెళ్ళొచ్చు. దూరం ఎక్కువ, చలి ఎక్కువ. పొద్దున్నే కడెం నీళ్ళ మీద మంచు పొగలా లేస్తుంటే చూసినవాళ్ళు దూరం గురించి మళ్ళీ మాట్లాడరు.

రెండు చోట్లా ఒకటే నియమం. పర్యాటక శాఖో, అటవీ శాఖో చూపించిన చోటే గుడారం. "అన్నా, లోపల మస్తు స్పాట్ ఉంది, ఎవ్వడూ రాడు" అనే స్నేహితుడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. అతని మాట వినకండి. 1972 వన్యప్రాణి చట్టం కింద అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్ళడమే నేరం. చట్టం పక్కన పెట్టినా, కుమురం భీం జిల్లాలో 2020 నవంబరులో ఇద్దరిని, 2024 నవంబరులో ఒక మహిళను పులి చంపింది. చనిపోయినవాళ్ళు అక్కడ పుట్టి పెరిగిన మనుషులు, ఆ అడవి మనకంటే వెయ్యి రెట్లు ఎరిగినవాళ్ళు. మనమెంత?

నెల కూడా చూసుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి సగం దాకా మంచి కాలం. ఆ తర్వాత టేకాకు రాలి నేలంతా గలగలలాడుతుంటుంది, అగ్గిపుల్ల చాలు. వానాకాలం అసలే వద్దు. 2023 జులై చివర్లో వీరభద్రవరం దగ్గర ముత్యాలధార జలపాతం చూడ్డానికి వెళ్ళిన ఎనభై మంది దాకా పర్యాటకులు వాగులు పొంగి అడవిలో చిక్కుకుపోయారు, విపత్తు దళం వెళ్ళి బయటికి తెచ్చింది. ఆ వారంలోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడింది. కడెం సంగతి చెప్పనక్కర్లేదు. 2022లో, మళ్ళీ 2023లో జులై వరద దాని 18 గేట్లకీ మించి వచ్చింది. రెండేళ్ళకోసారి మాఘంలో మేడారం జాతర వస్తుంది. ఆ ముందు వారాలూ తర్వాతి వారమూ తాడ్వాయి దారి మీది కాదు, భక్తులది.

4. బుక్ చేసేముందు ఫోన్ చేసి ఇవి అడగండి

చాలామంది "రేటెంత? చెక్ ఇన్ ఎప్పుడు?" అని పెట్టేస్తారు. ఆడవాళ్ళ మనసులో ఉన్న మొదటి ప్రశ్న ఎవరూ పైకి అడగరు. అడగనందుకు వాళ్ళు మధ్యాహ్నం నుంచే నీళ్ళు తాగడం మానేస్తారు, సాయంత్రానికి తలనొప్పి, రాత్రికి చిరాకు. ఇంటాయన "ఈమెకి అడవి నచ్చలేదు" అనుకుంటాడు. మగవాళ్ళారా, ఆ ఫోను మీరే చేసి, మీరే అడగండి:

మరుగుదొడ్డి గుడారానికి ఎన్ని అడుగుల దూరం? లోపలి నుంచి గడియ పడుతుందా? రాత్రంతా లైటుంటుందా, పదింటికి ఆర్పేస్తారా? నీళ్ళు కొళాయిలో వస్తాయా, బక్కెట్లో తెచ్చుకోవాలా? రాత్రి కాపలా మనిషి ఉంటాడా? పక్క గుడారాలు కుర్రాళ్ళ గుంపులకిస్తారా, కుటుంబాలకి విడిగా చోటుందా?

జవాబు తడబడితే వేరే చోటు చూడండి. నాకు ఒకచోట "అన్నీ ఉన్నయ్ సార్, రండి" అన్నారు. వెళ్ళి చూస్తే అన్నీ ఉన్నాయి, తలుపు తప్ప.

ఇంకో మాట. గుడారాల వసతి ఒక్కో సీజన్‌లో ఉంటుంది, ఒక్కోసారి కాటేజీలే ఉంటాయి. నెట్‌లో ఫోటో చూసి బయల్దేరకుండా వారం ముందూ, ముందు రోజూ కనుక్కోండి. లోపల సిగ్నలు సరిగా ఉండదు. మ్యాపు ముందే దించుకోండి, నాలుగు నంబర్లు కాగితం మీద రాసుకోండి, స్కాన్ చేసి కట్టే అలవాటున్నవాళ్ళు జేబులో నోట్లు పెట్టుకోండి.

5. చోటు చూసుకోవడం

గుడారం వేసేముందు ఐదు నిమిషాలు ఖాళీ చేతులతో తిరగండి. పైకి చూడండి, కిందికి చూడండి, నీళ్ళవైపు చూడండి.

పైకి ఎందుకు? 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో సుడిగాలి లేచి సుమారు 50 వేల చెట్లు పడిపోయాయి. అంత గాలి రోజూ రాదు. కానీ ఎండుకొమ్మ పడటానికి అంత గాలి అవసరం లేదు. నీడ బాగుందని పెద్ద చెట్టు మొదట్లో గుడారం వేయడం మన ఊరి అలవాటు, ఎందుకంటే వనభోజనాలకి మనం పగలే పోతాం. రాత్రికి నీడతో పనేముంది?

కిందికి చూస్తే చీమలబారు, పుట్ట, ఎండాకుల కుప్ప, రాళ్ళు. నేల వాలుగా ఉంటే తలవైపు ఎత్తు. అనుమానంగా ఉంటే నేల మీద వెల్లకిలా పడుకుని చూడండి. సిగ్గుపడకండి, నేను అప్పుడు సిగ్గుపడే రాత్రంతా జారాను.

నీళ్ళ అంచున గుడారం ఫోటోకి బాగుంటుంది. పడుకోవడానికి కాదు. మంచు అక్కడే ఎక్కువ, దోమలు అక్కడే ఎక్కువ. జలాశయాల్లో నీటిమట్టం కదులుతుంటుంది. ఇక్కడ ఆకాశం నీలంగా ఉన్నా ఎగువన ఎక్కడో వాన పడి ఉండొచ్చు. చెట్టు కాదు, చెరువు కాదు, మరెక్కడ? కాపలా మనిషిని అడగండి. "ఏడ వేస్తే బాగుంటది అన్నా?" అని అడిగితే చాలు. లక్నవరంలో రెండోసారి ఒక పెద్దాయన నేను ఎంచుకున్న చోటు చూసి, "గీడొద్దు సారూ, తెల్లారంగ మంచు గీడ్నే కూసుంటది" అని ఇరవై అడుగులు పైకి తీసుకెళ్ళాడు. పొద్దున లేచి చూస్తే కింది చోటు తడిసి ముద్దగా ఉంది. నా గుడారం పొడిగా ఉంది.

ఈత మాత్రం వద్దు. ఒడ్డున మోకాళ్ళ లోతు కనబడే చోట రెండడుగుల అవతల ఏముందో మీకు తెలియదు. సరూర్‌నగర్ ఈతకొలనులో బాగా ఈదుతాననే మీ తమ్ముడికి ఇంకా తెలియదు.

6. చలి కింది నుంచి వస్తుంది

హైదరాబాద్‌లో మనం చలిని పై నుంచి ఆపుతాం. ఇంకో రగ్గు, ఇంకో స్వెట్టరు. గుడారంలో ఎన్ని రగ్గులు కప్పినా వణుకు ఆగదు, ఎందుకంటే వేడిని లాగేసేది నేల. ఆదిలాబాద్ వైపు డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున ఐదారు డిగ్రీలకు పడిపోయే రోజులుంటాయి. గాలి నింపిన పరుపు మెత్తగా ఉంటుంది కానీ లోపలి గాలి చల్లబడి వీపుకి మంచులా తగులుతుంది.

ఖర్చు లేని ఉపాయం చెబుతాను. కింద ఒక టార్పాలిన్. గుడారం లోపల విప్పి పరిచిన అట్టపెట్టెలు. ఫ్రిజ్ కొన్నప్పటిదో టీవీ కొన్నప్పటిదో దాచే ఉంటారు. లేకపోతే దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ దుకాణం ముందైనా దొరుకుతాయి. వాటి మీద చాప, చాప మీద జంబుఖానా, దాని మీద మీరు. టార్పాలిన్ కాక మీకింద మూడు పొరలు, మీపైన రెండు. చెవులకి మంకీ క్యాపు, కాళ్ళకి పొడి సాక్సులు. పగలు వేసుకున్న సాక్సులు కావు, వాటిలో చెమట ఉంటుంది.

ఇక చలికి భయపడి గుడారం కిటికీలన్నీ బిగించేస్తారు. పొద్దునకి లోపలి కప్పు నుంచి చుక్కలు పడుతుంటే "వాన పడిందా?" అనుకుంటారు. అది మీ ఊపిరే. పైనున్న జాలీ కిటికీ రెండు వేళ్ళంత తెరిచి ఉంచండి.

బొగ్గుల కుంపటి మాత్రం గుడారంలోకి, కారులోకి తీసుకురావద్దు. "కాసేపే, బిడ్డకి చలిగా ఉంది" అని కూడా వద్దు. నిప్పు ఆరినట్టు కనబడ్డా దాని నుంచి వచ్చే విషవాయువుకి వాసన ఉండదు. నిద్రలో ఉన్న మనిషికి తెలియదు. ఈ అధ్యాయంలో చాలా తప్పులు చేస్తే నిద్ర చెడుతుంది. ఇది చేస్తే మళ్ళీ లేవరు.

7. పులి కాదు, కట్లపాము

కొత్తవాళ్ళు పులి గురించి అడుగుతారు. అడవి పక్క ఊళ్ళవాళ్ళు పాము గురించి చెబుతారు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది. కాటు ఎంత చిన్నదంటే చాలామందికి మెలకువ కూడా రాదు. తెల్లారి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, అప్పటికే ఆలస్యం.

అందుకే జిప్పు. ఎవరు లోపలికొచ్చినా, ఎవరు బయటికెళ్ళినా, రాత్రైనా పగలైనా గుడారం జిప్పు పూర్తిగా మూయాలి. "ఇప్పుడే వస్తా కదా" అని సగం వదిలేసే మనిషి ఒకరుంటారు. మా ఇంట్లో అది నేనే. ఇప్పుడు మా అమ్మాయి కాపలా. చెప్పులు, బూట్లు గుడారం లోపల సంచిలో. బయట ఉంటే దులిపి వేసుకోవాలి. మనిషికో టార్చి, ఇంటికో టార్చి కాదు. వెన్నెల బాగుందని గుడారం వదిలి చాప మీద పడుకోవద్దు.

ఒకవేళ కాటు పడితే? కట్టు బిగించకండి, కోయకండి, పసరు పోయకండి. మనిషిని నడిపించకండి. కరిచిన అవయవం కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మందు అక్కడే ఉంటుంది. ములుగులో, ఏటూరునాగారంలో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. జన్నారం వైపు వెళితే దగ్గరలో ఏ ఆసుపత్రిలో పాముకాటు మందు ఉందో చేరగానే అడిగి రాసుకోండి. సిగ్నలు ఎక్కడ అందుతుందో కూడా పగలే తెలుసుకోండి. చీకటి పడేలోపే అన్నది గుడారానికి మాత్రమే కాదు.

8. వంట

ఇక్కడ మనవాళ్ళు గొప్పలకి పోతారు. అడవిలో దమ్ బిర్యానీ! మొదటిసారి వద్దు. రాత్రికి ఇంటి నుంచి తెచ్చిన చపాతీలు, పులిహోర, పెరుగన్నం. పొద్దునకి ఉప్మా రవ్వ వేయించి తెచ్చుకుంటే చిన్న గ్యాసు పొయ్యి మీద పదిహేను నిమిషాలు. ఆ పొయ్యి కూడా నిర్వాహకులు సరేనంటేనే, గుడారానికి పది అడుగుల దూరంలో. చలిమంట వాళ్ళు చూపించిన గుంటలోనే. అడవిలో పుల్లలు ఏరకండి. పడుకునేముందు నీళ్ళు పోసి, కదిపి, మళ్ళీ పోయండి.

ఎముకలు, ఎంగిలి విస్తళ్ళు గుడారం దగ్గర వదిలితే ముందు కుక్కలొస్తాయి, వాటి వెనక ఏమొస్తాయో మన చేతిలో లేదు. తెచ్చిన చెత్తంతా మూటగట్టి తిరిగి ఎల్బీనగర్‌కే. తాగేనీళ్ళు మనిషికి రోజుకి నాలుగు లీటర్లు. ఇరవై లీటర్ల క్యాన్ ఒకటి డిక్కీలో పెడితే డజను ప్లాస్టిక్ సీసాలు మిగులుతాయి.

9. స్పీకరు ఇంట్లో పెట్టండి

ఇంతే. వివరణ అక్కర్లేదు.

ఇదంతా చదివి "అబ్బో, ఇంత తతంగమా, హోటల్లో రూము తీసుకుంటే పోలా?" అనిపిస్తోందా? ఒక్క మాట. గుడారం మనకి బయట నుంచి వచ్చిన సరదా కాదు. మేడారంలో కోటి మంది అడవిలోనే కదా దిగేది? నాలుగు కర్రలు, ఒక పట్టా, మూడు రాళ్ళ పొయ్యి. మన ఎల్బీనగర్, హయత్‌నగర్ నుంచి ట్రాక్టర్లలో, బస్సుల్లో ముసలమ్మల్ని, చంటిపిల్లల్ని తీసుకుని పోయి మూడు రాత్రులు ఉండి వస్తారు. ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో నాగోబా జాతరకి మెస్రం వంశీయులు గోదావరి నీళ్ళు కాలినడకన తెచ్చి, మర్రిచెట్ల కింద బస చేస్తారు. వాళ్ళెవరూ యూట్యూబ్ చూసి నేర్చుకోలేదు. చీకటి పడేలోపు ఎక్కడ దిగాలో, ఏం పరచాలో, నిప్పు ఎక్కడ పెట్టాలో వాళ్ళ ఇళ్ళల్లో పెద్దలకి తెలుసు. మీ ఇంట్లో కూడా ఒకరికి తెలిసే ఉంటుంది. నాయనమ్మని అడిగి చూడండి.

అలాగని తాడ్వాయిలో కోయగూడెమో, జన్నారంలో గోండుగూడెమో మన పర్యటనలో ఒక దృశ్యం అనుకోకండి. అది వాళ్ళ ఇల్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో మీ వంటగది కిటికీలోంచి ఎవరైనా ఫోటో తీస్తే ఊరుకుంటారా? పలకరించండి, అడగండి, వద్దంటే ఫోను జేబులో పెట్టుకోండి.

మేం మళ్ళీ వెళ్ళింది ఏడాది తర్వాత. ఆరూ ఇరవైకి ఉప్పల్ దాటాం. బావ ఐసు కొనలేదు. మూడింటికి లక్నవరంలో ఉన్నాం, నాలుగున్నరకి గుడారం నిలబడింది. అప్పటి నుంచి చీకటి పడేదాకా చేయడానికి పనేమీ లేదు. ఆ గంటన్నర కోసమే ఇంత దూరం రావాలని ఆ రోజు తెలిసింది. అమ్మ చెప్పులు విడిచి ఒడ్డున కూర్చుంది. "ఇంటికి పోదాం" అని ఏడ్చిన పిల్లవాడు నీళ్ళమీద వాలే పక్షుల్ని లెక్కపెడుతూ ముప్పై ఏడు దగ్గర నిద్రపోయాడు.

ఇక మీ వంతు. ఈ శనివారం సాయంత్రం ఐదింటికల్లా వాచ్‌మన్ దగ్గర డాబా తాళంచెవి తీసుకోండి.